ఈసీతో పాటు నీళ్లు ఎంత ఎత్తు వచ్చాయో కూడా చెప్పాలి

మొన్న ఆదివారం పేపరు మధ్యలోంచి ఓ రంగుల కరపత్రం జారిపడింది. విజయవాడ శివార్లలో కడుతున్న అపార్ట్‌మెంటు ప్రకటన. తూర్పు ముఖం, నూటికి నూరు శాతం వాస్తు, అన్ని బ్యాంకుల లోను. వీటి కింద కొత్తగా ఇంకో ముక్క చేరింది: ‘వరద ముంపు లేని ప్రాంతం’. 2024 సెప్టెంబరులో బుడమేరు వాగు పొంగి విజయవాడను ముంచడానికి ముందు ఈ ఊళ్లో ఇలాంటి మాట వేసుకున్న కరపత్రం నేను చూడలేదు. ఉండబట్టలేక ఆ నంబరుకు ఫోన్ చేశాను. ముంపు లేదని ఎలా చెబుతున్నారండీ అంటే, అవతలి కుర్రాడు మర్యాదగానే, “మొన్న బుడమేరు వచ్చినప్పుడు మా సైటుకు రాలేదు సార్” అన్నాడు. అప్పుడు అక్కడేముంది అంటే పొలం అన్నాడు. ఆ పొలంలోకి నీళ్లొచ్చాయో లేదో ఎవరు చూశారు అని అడిగితే, “ఒకసారి సైటుకు రండి సార్, కూర్చుని అన్నీ మాట్లాడుకుందాం” అని ముగించాడు.

ఆ కుర్రాణ్ణి ఏమనగలం? నేనడిగినదానికి జవాబు రాసి ఉన్న కాగితం అతని దగ్గర లేదు, కొనేవాళ్ల దగ్గర లేదు, సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులోనూ లేదు. స్థలం తాకట్టులో ఉందా, కోర్టు గొడవలున్నాయా, అన్నదమ్ముల వాటా తేలిందా, ఇవన్నీ ముప్ఫై ఏళ్ల వెనక్కి వెళ్లి తవ్వి తీస్తాం. అదే స్థలంలో నడుము లోతు నీళ్లు వారం రోజులు నిలిచిన సంగతి ఎక్కడా రాసుండదు.

అది రాసుండాలన్నదే నా వాదన. స్థలమో ఇల్లో ఫ్లాటో చేతులు మారేటప్పుడు ఈసీ (ఆస్తి మీద ఉన్న తాకట్లు, లావాదేవీలు చూపే ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్) తీసినట్టే, ఆ సర్వే నంబరులో ఇప్పటిదాకా నమోదైన వరద మట్టం ఎంత, కొండ వాలు అయితే రాళ్లు దొర్లే ప్రమాదం ఏ పాటిది అని చెప్పే ఒక పత్రం తప్పనిసరి చేయాలి. దీనికి ఎదురుచెప్పే మాటలు చాలానే ఉన్నాయి. వాటిలో కొన్ని నన్నే తికమక పెడుతున్నాయి, వాటి దగ్గరికీ వస్తాను.

మట్టి రిపోర్టులో లేని గడి

నాది సాయిల్ టెస్టుల పని. మూడు కాళ్ల స్టాండు నిలబెట్టి, బోరులోకి రాడ్లు దించి, 63.5 కిలోల సుత్తిని 75 సెంటీమీటర్ల ఎత్తు నుంచి వదులుతూ ఉంటాం. మొదటి 15 సెంటీమీటర్లు లెక్కలోకి రావు, తర్వాతి 30 సెంటీమీటర్లు దిగడానికి ఎన్ని దెబ్బలు పట్టాయన్నదే అసలు లెక్క. ఆ దెబ్బల సంఖ్య మీద, ల్యాబులో తేలిన మట్టి గుణం మీద ఆధారపడి, ఈ నేల ఎంత బరువు మోస్తుందో రాసిస్తాం. ఇంటాయనకు కావలసింది ఆ ఒక్క అంకే. మిగిలిన పేజీలు ప్లాను అప్రూవల్ ఫైల్లోకి వెళ్లిపోతాయి.

ఆ రిపోర్టులో నేల కింద ఎన్ని మీటర్ల లోతున నీరు తగిలిందో రాయడానికి ఒక గడి ఉంటుంది. నేల పైన ఎన్ని అడుగుల నీరు నిలిచిందో రాయడానికి గడి ఉండదు. ఇదే బోరు ఏ వాగు మీదో వంతెన కోసం వేస్తే సంగతి వేరు. హెచ్‌ఎఫ్‌ఎల్, అంటే నమోదైన అత్యధిక వరద మట్టం, ఎంతో తేలకుండా డిజైన్ ఇంజినీరు పెన్ను కదపడు. రైలు వంతెన స్తంభాల మీద ఆ గీత, పక్కన సంవత్సరం రంగుతో రాసి ఉండటం అందరం చూశాం. వంతెన కట్టేటప్పుడు మొదట అడిగే ప్రశ్నను మనుషులు పడుకునే గది కట్టేటప్పుడు ఎవరూ అడగరు.

బుడమేరు వరద తగ్గాక కొన్ని నెలలకు విజయవాడ సింగ్‌నగర్ వైపు నుంచి నాకు ఫోన్లు ఎక్కువయ్యాయి. గోడలు బీటలు తీస్తున్నాయి, పునాది కుంగిందేమో చూడమని. ఆ వైపు చాలాచోట్ల నల్లమట్టి. తడిస్తే ఉబ్బుతుంది, ఆరితే ముడుచుకుంటుంది. వారం దాటి నీళ్లలో నానిన మట్టి ఎండాకాలంలో ఆరేటప్పుడు లోతు తక్కువ పునాదులను తనతో పాటు ఆడిస్తుంది. బీటలు వచ్చేది వరదలో కాదు, వరద మరిచిపోయాక.

అలా వెళ్లిన ఒక వీధిలో ఓ ఇల్లు అమ్మకానికి ఉంది. కొత్తగా లప్పం పెట్టి, లేత పసుపు రంగు కొట్టి, గుమ్మానికి మామిడాకులు కట్టి నవనవలాడుతోంది. చూడటానికి వచ్చిన దంపతులు వంటగది గట్టు, బాత్‌రూమ్ టైల్స్ పరీక్షగా చూస్తున్నారు. నా కళ్లు మాత్రం కరెంటు మీటరు మీదకు పోయాయి. మామూలుగా మనిషి కళ్లకు అందే ఎత్తులో ఉండాల్సిన మీటరు, మోటారు స్టార్టరు, ఇన్వర్టరు పలక అన్నీ సన్‌షేడ్ కిందకు ఎక్కి కూర్చున్నాయి. పాత మీటరు ఉన్నచోట నాలుగు స్క్రూ గుంతలు రంగు కిందనుంచి లీలగా కనిపిస్తున్నాయి. నీళ్లు ఎంతవరకు వచ్చాయో ఇంటాయన చెప్పక్కర్లేదు. వచ్చినవాళ్లు ఆయన్ని అడగలేదు, ఆయన చెప్పలేదు. నన్ను మధ్యలో పలకరించి, “మీరు మట్టి సంగతి చూడండి సార్, చాలు” అన్నాడు. ఆయన్ని తప్పుపట్టాలని నాకు అనిపించలేదు. కూతురి పెళ్లికి అమ్ముకుంటున్నాడు. చట్టం అడగని మాట తనంతట తానే చెప్పి ఐదు లక్షలు పోగొట్టుకొమ్మని ఎవరనగలరు?

కృష్ణకు అంకె ఉంది, బుడమేరుకు లేదు

భద్రాచలంలో ఏ టీ కొట్టు దగ్గర నిలబడ్డా గోదావరి అడుగుల్లో వినిపిస్తుంది. 43 అయితే మొదటి హెచ్చరిక, 48 రెండోది, 53 మూడోది. 1986లో 75.6 అడుగులు, 2022 జులైలో 71.3. ఈ అంకెలు అక్కడ బడిపిల్లలకు కూడా తెలుసు. ఫలానా వీధిలోకి నీళ్లు రావాలంటే గోదావరి ఎన్ని అడుగులుండాలో లెక్కకట్టి, బియ్యం మూటలు ఎప్పుడు పైకెక్కించాలో నిర్ణయించుకుంటారు. వరద బాధ తప్పిందని కాదు, 2022లో ఎంత అవస్థ పడ్డారో చూశాం. కానీ నది ఎక్కడుందో, తామెక్కడున్నారో చెప్పే ఉమ్మడి కొలబద్ద ఒకటి వాళ్ల చేతిలో ఉంది.

కృష్ణకూ అలాంటి లెక్క ఉంది. 2009 అక్టోబరులో ప్రకాశం బ్యారేజీ దగ్గర 11.10 లక్షల క్యూసెక్కులు. ఆ తర్వాత దశలవారీగా కృష్ణలంక వైపు రిటైనింగ్ వాల్ లేచింది. 2024 సెప్టెంబరు 2న 11.43 లక్షలు వచ్చినా కృష్ణలంకను ఆ గోడే కాపాడింది. అంకె ఉంటే గోడ ఎత్తు ఎంతో తేలుతుంది, నిధులు అడగొచ్చు, గొడవ పెట్టుకోవచ్చు.

మైలవరం కొండల్లో పుట్టి కొల్లేరుకు పోయే బుడమేరు సంగతి అడగండి. ఎన్ని అడుగులొస్తే సింగ్‌నగర్ మునుగుతుంది? ఇరిగేషన్ వాళ్ల దగ్గర వెలగలేరు రెగ్యులేటరు లెక్కలు ఉంటాయి, కాదనను. కానీ ఆ లెక్కకూ నా గడపకూ సంబంధమేమిటో చెప్పేవాళ్లు ఎవరూ లేరు. 2005లోనూ ముంచిన వాగు ఇది. డైవర్షన్ కాలువ ఉంది కదా అని ధీమా పడ్డాం. ఆ కాలువ వెళ్లి కలిసేది బ్యారేజీకి ఎగువన కృష్ణలోనే. కృష్ణ నిండుగా ఉన్నప్పుడు వాగు నీరు అందులోకి దిగదు, వెనక్కి ఎగదంతుంది. 2024లో సరిగ్గా రెండూ ఒకేసారి పొంగాయి. కాలువ ఎడమ గట్టుకు మూడు గండ్లు పడ్డాయి, ఆ నీరు పాత దారి వెతుక్కుంది. ఆ పాత దారిలో ఇప్పుడు కాలనీలున్నాయి. గండ్లు పూడ్చడానికి సైన్యం రావాల్సి వచ్చింది.

నది వరదను ఆకాశం నుంచి అయినా గుర్తుపడతాం. వాగు వరద అలా కాదు. ఒకే వీధిలో ఈ చివర మోకాలి లోతు, ఆ చివర మెడ లోతు. రైలు కట్ట ఎటు ఉంది, కల్వర్టు ఎంత వెడల్పు, ఎవరు ఎంత మట్టి తోలి ప్లాటు ఎత్తు పెంచుకున్నారు, ఇవే నీటి లోతును నిర్ణయిస్తాయి. అందుకే ‘సింగ్‌నగర్ ముంపు ప్రాంతం’ అని ఊరంతటికీ ఒక ముద్ర వేస్తే ప్రయోజనం లేదు, అన్యాయం కూడా. లెక్క ఇంటింటికీ కావాలి.

ఇంటింటి లెక్క ఎవరు తీస్తారు?

ఈ ప్రశ్న వేసినవాళ్లకు నేను గుర్తుచేసేది ఒక్కటే. ఆ లెక్క ఇప్పటికే తీశారు. 2024 వరద తర్వాత వార్డు సచివాలయ సిబ్బంది ఇంటింటికీ తిరిగారు. నీళ్లొచ్చిన గ్రౌండ్ ఫ్లోర్ ఇంటికి 25 వేలు, పై అంతస్తులకు 10 వేలు పరిహారం. అంటే ఏ డోరు నంబరులోకి నీళ్లొచ్చాయో, దేంట్లోకి రాలేదో ప్రభుత్వం దగ్గర జాబితా ఉంది. అందులో తప్పులు లేవని అనను. మా పేరు రాయలేదని ఎంతమంది కలెక్టరేట్ చుట్టూ తిరిగారో తెలుసు. అయినా మన రాష్ట్రంలో ఒక వాగు వరదకు ఇంత దగ్గరి నుంచి రాసిన లెక్క ఇంకొకటి ఉంటుందనుకోను. సాయం డబ్బు పంచాక ఆ జాబితా పని అయిపోయింది. దానికి నీటి ఎత్తు అనే ఒక్క అంకె జోడించి దాచుకుని ఉంటే, కొన్ని కోట్లు పెట్టినా దొరకని పటం అయ్యేది.

ఉపగ్రహ చిత్రాలతో ముంపు పటాలు హైదరాబాదులోని జాతీయ రిమోట్ సెన్సింగ్ కేంద్రం (ఎన్‌ఆర్‌ఎస్‌సీ) ఎలాగూ తయారుచేస్తుంది. కొండచరియల ప్రమాద పటాలు భారత భూగర్భ సర్వేక్షణ సంస్థ (జీఎస్‌ఐ) 1:50,000 స్కేలులో గీసింది. ఆ స్కేలులో ఒక సెంటీమీటరు అంటే అర కిలోమీటరు. ఒక ఇంటి భవిష్యత్తు చెప్పడానికి అది చాలదు కానీ, ఎక్కడ దగ్గరగా చూడాలో చెప్పడానికి చాలు.

ఇక సర్వే నంబరుకు సమాచారం అతికించడం సాధ్యమా అంటే, 22ఏ జాబితా చూడండి. నిషేధిత జాబితాలో మీ నంబరు ఉంటే రిజిస్ట్రేషన్ అక్కడికక్కడ ఆగిపోతుంది. ఆపడానికి పనికొచ్చే కంప్యూటరు, చెప్పడానికి పనికిరాదా?

నేనీ మాట అన్నప్పుడు హైదరాబాదు మిత్రుడొకాయన నవ్వాడు. “మా దగ్గర హైడ్రా వచ్చాక ప్లాటు రేటు కంటే ముందు ఎఫ్‌టీఎల్ అడుగుతున్నారు గురూ” అన్నాడు. నిజమే, మంచిదే. కాకపోతే ఆ ప్రశ్న నీళ్ల భయంతో వచ్చింది కాదు, చెరువు ఆక్రమణలు కూల్చే హైడ్రా సంస్థ బుల్‌డోజర్ భయంతో వచ్చింది. చెరువు నిండితే నీటి అంచు ఎక్కడుంటుందో ఎఫ్‌టీఎల్ గీత చెబుతుంది. కట్ట తెగితే, పై చెరువు పొర్లి కింది చెరువు మీద పడితే ఆ నీరు ఎక్కడిదాకా పోతుందో అది చెప్పదు. 2020 అక్టోబరులో పాతబస్తీ వాళ్లు చూసింది ఈ రెండో రకం నీటినే.

వరద మైదానాల్లో ఎక్కడ ఏం కట్టొచ్చో, ఏం కట్టకూడదో తేల్చే నమూనా బిల్లును కేంద్రం 1975లోనే అన్ని రాష్ట్రాలకూ పంపింది. మణిపూర్, రాజస్థాన్, ఉత్తరాఖండ్, అప్పటి జమ్మూకశ్మీర్ చట్టాలు చేసుకున్నాయి. రెండేళ్లకే దివిసీమ ఉప్పెన చూసిన మనం చేసుకోలేదు. నేనడిగేది అంత పెద్ద చట్టం కూడా కాదు. కట్టొద్దని ఎవర్నీ ఆపమనడం లేదు, తెలిసింది చెప్పమంటున్నాను.

కొండ పక్క సంగతి

2024 ఆగస్టు 31న, బుడమేరు ఊళ్లోకి రావడానికి ముందే, మొగల్రాజపురంలో కొండరాళ్లు ఇళ్ల మీద పడి ప్రాణాలు పోయాయి. మర్నాటి వరద హోరులో ఆ వార్త మునిగిపోయింది. 2020 అక్టోబరులో ఇంద్రకీలాద్రి మీద రాళ్లు జారినప్పుడు మాత్రం రాష్ట్రమంతా టీవీల్లో చూసింది, దసరా ఉత్సవాల మధ్య కాబట్టి.

విజయవాడ కొండల్లో ఎక్కువగా ఉండేది ఖొండలైట్. తూర్పు కనుమల పొడవునా ఇదే. చూడటానికి బండరాయే. కానీ ఏళ్ల తరబడి వాన తగిలిన చోట అందులోని ఖనిజాలు కొన్ని తెల్లటి మెత్తటి మట్టిగా మారిపోతాయి. గోరుతో గీకితే రాలుతుంది. దాని పక్కనే గట్టి రాయి, ఆ రెంటి మధ్య పగుళ్లు. వాన నీరు పగుళ్లలో నిండి లోపల్నుంచి ఒత్తిడి పెడుతుంది, మెత్తటి పొర జారుడుబల్ల అవుతుంది. దీనికి తోడు ఇల్లు కట్టుకోవడానికి కొండ పాదాన్ని నిలువుగా కోస్తాం. ఇంకో గది కోసం ఇంకో రెండు అడుగులు. పైన ఉన్నవాళ్ల వాడకం నీరంతా పైపుల్లేక ఆ పగుళ్లలోకే. ఒక చోట వెనక గోడకూ కోసిన కొండకూ మధ్య సందులో బట్టలు ఉతుక్కునే బండ వేసుకున్నారు. పైన చూస్తే బీరువాంత రాయి, దాని కింద వేపమొక్క వేరు దూరి ఉంది. అద్దెకున్న అమ్మాయిని అడిగితే “ఓనరు గారు ఇరవై ఏళ్లనుంచీ అలాగే ఉందన్నారండి” అంది. ఆ ఇరవై ఏళ్లూ వేరు పెరుగుతూనే ఉంటుందని ఆమెకు చెప్పాను. అద్దె తక్కువ కాబట్టి వచ్చామంది.

నన్ను ఆపే మాటలు

ఇక్కడే అసలు చిక్కు. ఆ అమ్మాయికి నా పత్రం ఏం చేస్తుంది? అద్దె తక్కువ ఎందుకో ఆమెకు ముందే తెలుసు. బుడమేరు పక్క కాలనీల్లో చాలావాటికి పట్టాలిచ్చిందీ, ఇళ్లు కట్టించిందీ ప్రభుత్వమే. వాంబే కాలనీ పేరులోనే సర్కారు పథకం ఉంది. ఇప్పుడు అదే ప్రభుత్వం వచ్చి, మీ ఇంట్లో ఆరడుగుల నీళ్లొచ్చాయని పత్రం మీద ముద్ర కొడితే, వాళ్లకున్న ఒక్క ఆస్తి విలువ సగమవుతుంది. డబ్బున్నవాడు ఎత్తైన చోటికి పోతాడు, లేనివాడు ముద్ర పడ్డ ఇంట్లోనే మిగులుతాడు. దీనికి నా దగ్గర పూర్తి జవాబు లేదు. కొత్త లేఅవుట్లకూ కొత్త అపార్ట్‌మెంట్లకూ మొదట పెట్టాలి, పాత కాలనీలకు కాలువ పని పూర్తిచేసి చూపించాకే పెట్టాలి అన్నదాకా వచ్చాను. అలా చేస్తే, ఇందాకటి పసుపు ఇల్లు చూడటానికి వచ్చిన దంపతులకు న్యాయం జరగదు కదా అని మా ఆవిడ అడిగింది. జరగదు.

రెండో మాట, రాసిపెట్టినంత మాత్రాన చదువుతారా? అమెరికాలో హ్యూస్టన్‌లో ఉన్న మనవాళ్లను అడగండి. 2017 ఆగస్టులో హార్వీ తుపానుకు అక్కడి యాడిక్స్, బార్కర్ రిజర్వాయర్లు నిండి, వాటి వెనక కట్టిన ఇళ్లు వేలల్లో మునిగాయి. అవి రిజర్వాయరు నిండితే నీళ్లు నిలిచే చోట కట్టిన ఇళ్లని చాలామందికి నీళ్లు గుమ్మంలోకి వచ్చాకే తెలిసింది. తెలుగు కుటుంబాలు ఎక్కువగా ఉండే కేటీ కూడా ఆ పక్కనే. విచిత్రమేమిటంటే ఫోర్ట్ బెండ్ కౌంటీ వైపు కొన్ని లేఅవుట్ పటాల మీద ఆ సంగతి చిన్న అక్షరాల్లో రాసే ఉంది. ఎవరూ చూడలేదు. 2019లో టెక్సాస్ చట్టం మార్చి, అమ్మేవాడే నింపి సంతకం పెట్టే ఫారంలోకి ఈ ప్రశ్నలు తెచ్చింది. అందుకే నేను పటం ఎక్కడో వెబ్‌సైటులో పెడితే చాలనను. అమ్మేవాడి సంతకం కింద, ఈసీ పక్కన, పెద్ద అక్షరాల్లో ఉండాలి.

మూడోది మా వృత్తివాళ్లు అనేది. నమోదైన మట్టం రాస్తే జనం అదే గరిష్ఠం అనుకుంటారు, అంతకు అడుగు ఎత్తు కట్టుకుని నిద్రపోతారు. నిజమే. వందేళ్లకోసారి వచ్చే స్థాయి వరద అన్నా, ముప్ఫై ఏళ్ల లోను తీరేలోపు అది ఒక్కసారైనా రావడానికి దాదాపు 26 శాతం అవకాశం ఉంది. రేపు రాబోయేది అంతకు మించొచ్చు. అయినా అసలేమీ తెలియనివాడి కంటే, పోయినసారి ఎంతవరకు వచ్చిందో తెలిసినవాడు ఇంకో రెండడుగులు ఎత్తు కడతాడనే నా నమ్మకం. లోను ఇచ్చేముందు లీగల్ ఒపీనియన్, వాల్యుయేషన్ రెండూ అడిగే బ్యాంకులు, తమ డబ్బు మునిగే అవకాశం గురించి మూడో కాగితం ఎందుకు అడగవో నాకు ఇప్పటికీ అంతుచిక్కదు.

చట్టం వచ్చేదాకా ఆగడమెందుకని ఈమధ్య నా రిపోర్టుల్లో ఒక పేరా చేరుస్తున్నాను. చుట్టుపక్కల నాలుగిళ్లవాళ్లు చెప్పిన 2024 నీటి మట్టం, రోడ్డు నుంచి ఎంత ఎత్తు, ప్లింత్ (ఇంటి నేల ఎత్తు) ఎంత పెట్టుకుంటే మేలు. ఇద్దరు ముగ్గురు సంతోషించారు. ఒక బిల్డరు మాత్రం రిపోర్టు వెనక్కి తెచ్చాడు. మనిషి దురుసువాడు కాదు, కూర్చుని టీ తాగి నిదానంగానే మాట్లాడాడు. “మీరు రాసింది అబద్ధం అనట్లేదు సార్. నా పక్క ప్లాటువాడు వేరే ల్యాబులో చేయించాడు. వాడి రిపోర్టులో ఈ పేరా లేదు. రెండు సైట్లకూ ఒకే గోడ. కొనేవాడు రెండూ పక్కపక్కన పెట్టుకుని చూస్తే, నీళ్లు నా ఒక్కడి సైటులోకే వచ్చినట్టుంటుంది.” పేరా తీయనన్నాను. అతను ఇంకో ల్యాబుకు వెళ్లాడు. అతను చెప్పినదాంట్లో తప్పు ఎక్కడుందో వెతికాను, దొరకలేదు. నాలాంటివాడు ఒకడు రాస్తే ఒక్క ప్లాటుకే నష్టం. అందరికీ ఒకేలా, ఒకే ఫారంలో, అడిగినా అడగకపోయినా రాయాలంటే అది రిజిస్ట్రేషన్ శాఖ చేయాల్సిన పని.